ముప్ఫై రెండు కిటికీల రాక్

వీధిలో ఆమెను అందరూ టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. కిటికీ తెరలు కుట్టడం ఆమె వృత్తి. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ చుట్టుపక్కల ఎవరు కొత్త ఇల్లు కట్టుకున్నా, ఎవరింట్లో తెరలు ఎండకు వెలిసిపోయినా టేపక్క వెళ్లాల్సిందే. వెళ్లాక ప్రతి కిటికీని మూడుసార్లు కొలవాల్సిందే. పైన ఒకసారి, నడుమ ఒకసారి, కింద ఒకసారి. "నిటారుగా ఉన్న కిటికీ నేనింతవరకూ చూడలేదండీ. ఉందని మేస్త్రీ అంటాడు, అంతే," అనేది. ఆమె కుట్టిన తెర జానెడు ఎగిరి గాల్లో నిలబడ్డదని గానీ, నేల ఊడ్చిందని గానీ ఎవరూ అనగా వినలేదు.

ఆమెకు అన్నయ్య ఒక్కడే. ఆరేళ్లు పెద్ద. సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరై, రెండు వీధుల కింద వదినతో ఉంటున్నాడు. నిరుడు ఆయన మోకాలికి ఆపరేషన్ జరిగింది. కుట్లు విప్పిన రోజున డాక్టరు, "సైకిల్ తొక్కండి, దాన్ని మించిన మందు లేదు. కానీ చదునుగా ఉన్న చోటే తొక్కాలి. ఎత్తు ఎక్కారో, ఆ మోకాలు మళ్లీ నా దగ్గరికే వస్తుంది," అన్నాడు.

చెప్పడానికి తేలికే. వాళ్లుండేది కొండవాలు మీద. గుమ్మం దాటితే ఎక్కడమో దిగడమో తప్ప మూడో దారి లేదు. అన్నయ్య సైకిల్ వసారాలో దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఆయన కుర్చీలోంచి లేవడం తగ్గించేశాడు. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని, వెళ్లే ప్రతి బస్సుకూ వంక పెడుతున్నాడు.

"గేరు మార్చడం రాదు వెధవకి," అంటాడు.

"ఈయన నా ప్రాణం తోడేస్తున్నాడు, నువ్వే ఏదో ఒక దారి చూడు," అని వదిన టేపక్కతో మొర పెట్టుకుంది.

దారి ఉంది. ముప్ఫై కిలోమీటర్ల అవతల ఏటి పక్కన ఒక పాత రైలు కట్ట ఉంది. పట్టాలు పీకేసి, కంకర చదును చేసి, సైకిళ్ల కోసం బాట వేశారు. రైళ్లు నడిచిన దారి కాబట్టి అరచెయ్యిలా ఉంటుంది. ఆయనదీ తనదీ రెండు సైకిళ్లనూ అక్కడిదాకా చేర్చడమే సమస్య.

టేపక్కకు ఒక పాత చిన్న కారుంది. గుడ్డ తానులు వేసుకు తిరగడానికి కొన్నది. ముందు దాని యజమాని తేనెటీగలు పెంచేవాడు. తేనెపెట్టెలు ట్రెయిలరులో లాక్కెళ్లడానికి కారు వెనక టోబార్ బిగించుకున్నాడు. ఇనప కడ్డీ, దాని కొసన గుండ్రటి ఇనప గుండు. కారు కొన్నప్పటినుంచీ దానివల్ల ఆమెకు కలిగిన లాభమల్లా, డిక్కీలోంచి తానులు దించేటప్పుడల్లా కాలి ఎముకకు దెబ్బ తగలడమే. ఎన్నోసార్లు కోసి పారేయిద్దామనుకుంది. ఆ గుండు మీదే సైకిల్ రాక్ బిగించవచ్చని ఒకరోజు పెట్రోలు బంకులో ముందున్న కారును చూశాక గానీ ఆమెకు తెలియలేదు. అప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఒక హాస్టలుకు ముప్ఫై రెండు కిటికీల తెరలు కుట్టిన కూలి ఆమె దగ్గర విడిగా ఉంది. దాన్ని ఈ పనికి పెట్టాలనుకుంది. ఏ వస్తువు ధరైనా ఆమెకు కిటికీల్లో చెప్తేనే తలకెక్కుతుంది. కళ్లజోడు ఆరు కిటికీలు. ఫ్రిజ్జు నలభై.

షాపతను రెండు రకాలు చూపించాడు. ఒకటి వేలాడదీసేది. టోబార్ మీద నిలబడే ఒక ఇనప గొట్టం, దానికి రెండు చేతుల్లా చాచిన కమ్మీలు. సైకిళ్లను నడుమ కమ్మీతో వాటికి తగిలించి పట్టీలతో బిగించాలి. బరువు ఏడు కిలోలు, ధర పదిహేను కిటికీలు. రెండోది నిలబెట్టేది. చక్రాలు కూర్చోడానికి కాలవల్లాంటి రెండు పట్టెలు, ఫ్రేమును పట్టుకునే పిడులు, వెనక లైట్లు, నంబర్ ప్లేట్ పెట్టుకునే చోటు అన్నీ ఉన్నాయి. కాలితో నొక్కితే సైకిళ్లతో సహా వెనక్కి వాలుతుంది, డిక్కీ తెరుచుకోవచ్చు. ధర డెబ్భై కిటికీలు.

"అందరూ మొదటిదే తీసుకుంటారు మేడం," అన్నాడు షాపతను.

"నాది ఆడవాళ్ల సైకిలు బాబూ. నడుమ కమ్మీ లేదు. దేనికి తగిలించను?"

"దానికి విడిగా ఒక కమ్మీ వస్తుంది మేడం. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య పెట్టుకోవడమే."

"మరి సైకిళ్లు ఊగి ఒకదాన్నొకటి గీసుకోవూ?"

"మధ్యలో పాత దుప్పటి పెట్టుకోండి."

"పట్టీ ఊడితే?"

"ఊడదు మేడం."

"ఊడితే?"

టేపక్క ఆ పట్టీని వేళ్ల మధ్య పట్టుకుని లాగి చూసింది, వదిలింది, మళ్లీ లాగింది. కొత్త రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. ఆమె బయటికి వచ్చేసింది.

వాళ్ల నాన్న లాండ్రీ వ్యాను నడిపేవాడు. హోటళ్లవీ ఆసుపత్రులవీ దుప్పట్లు తెచ్చి, ఉతికి ఇస్త్రీ అయ్యాక తిరిగి ఇచ్చి రావడం ఆయన పని. ఆదివారాలు వ్యాను ఖాళీ. యజమాని మంచివాడు, పెట్రోలు పోసుకుంటే వాడుకోమనేవాడు. వ్యాను వెనక తలుపుకు ఒక ఇనప నిచ్చెన ఉండేది. నాన్న పాత సైకిల్ ట్యూబులను పొడుగ్గా కత్తిరించి, వాటితో రెండు సైకిళ్లనూ ఆ నిచ్చెనకు కట్టేవాడు. ముందు సీటులో ముగ్గురూ ఇరుక్కుని కూర్చునేవాళ్లు. వ్యానంతా గంజి వాసన, వేడి గుడ్డ వాసన. ఇప్పటికీ ఇస్త్రీపెట్టె తెరమీద ఆనించినప్పుడల్లా ఆమెకు నాన్న పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ఏటి ఒడ్డున దింపి, "పొండి, ఆకలేసినప్పుడు రండి," అని ఆయన వ్యాను నీడలో తువ్వాలు పరుచుకుని నిద్రపోయేవాడు. అన్నయ్య చేతులు రెండూ వదిలేసి తొక్కేవాడు. తను వెనకాల, "ఆగు అన్నయ్యా, ఆగు!" అని అరుస్తూ పోయేది. అతను ఆగేవాడు కాదు గానీ, మలుపు దాటాక ఏ చెట్టుకిందో కూర్చుని అప్పుడే వచ్చినట్టు మొహం పెట్టేవాడు.

అన్నయ్యకు పదిహేనేళ్లప్పుడు వంపు హ్యాండిల్ ఉన్న రేసు సైకిల్ వచ్చింది. రెండేళ్లు తెల్లారకముందే లేచి, ఇంటింటికీ పేపర్లు వేసి సంపాదించుకున్నది. దాన్ని తుడిచే గుడ్డను కూడా ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మూడు వారాల్లో స్కూళ్ల మధ్య సైకిల్ పోటీ ఉంది. అందులో గెలిస్తే కోచింగులోకి తీసుకుంటారు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం తొమ్మిదేళ్ల చెల్లెలు, "నాన్నా, ఈ ఒక్క ముడీ నేను వేస్తాను," అని గారాలు పోయింది. "సరే వెయ్యి, నేనొచ్చి చూస్తా," అన్నాడు నాన్న. అంతలో పక్కింటాయన ఏదో అడగడానికి పిలిచాడు. నాన్న మాట్లాడి వచ్చి నేరుగా స్టీరింగు ముందు కూర్చున్నాడు. వంతెన దగ్గర వెనక ఏదో గట్టిగా చప్పుడైంది. దిగి చూసేసరికి రేసు సైకిల్ రోడ్డుమీద ఉంది. వెనకనుంచి వచ్చిన లారీ అప్పటికే దాన్ని తొక్కేసి పోయింది.

నాన్న నిచ్చెన దగ్గరికి వెళ్లాడు. వేలాడుతున్న ట్యూబును చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నేనే సరిగ్గా కట్టలేదురా," అన్నాడు కొడుకుతో.

అన్నయ్య పోటీకి వెళ్లలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రేసు సైకిల్ ఎక్కలేదు. పద్దెనిమిదేళ్లకు బస్సు డిపోలో చేరాడు. నాన్నతో అవసరమైతే తప్ప మాట్లాడేవాడు కాదు. "అన్నం తిన్నావా" అంటే "ఆఁ" అనేవాడు. నాన్న పోయేదాకా అంతే. చెల్లెలికి ఎన్నిసార్లో నాలుక చివరిదాకా మాట వచ్చింది. చిన్నప్పుడు భయం, పెద్దయ్యాక సిగ్గు, నాన్న పోయాక ఇక చెప్పి ఏం లాభమన్న నిరాశ. అలా యాభై ఏళ్లు గడిచిపోయాయి.

మూడు వారాల్లో టేపక్క నాలుగు షాపులు కాళ్లరిగేలా తిరిగింది. కారు కింద దూరి, టోబార్ మీద కొట్టిన చిన్న రేకు చదివింది. గుండు మీద యాభై కిలోలకు మించి మోపకూడదని ఉంది. రాక్ బరువూ సైకిళ్ల బరువూ అందులోనే రావాలి. ఆ అంకె ఒక గుడ్డముక్క మీద సుద్దతో రాసి గోడకు గుచ్చుకుంది. నంబర్ ప్లేట్ కనపడకపోతే జరిమానా వేస్తారని, లైట్లకు కారులో వేరే సాకెట్ ఉండాలని తెలుసుకుంది. అదృష్టం, తేనెటీగలాయన సాకెట్ కూడా పెట్టించి ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం అన్నయ్య ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతులన్నీ ఏకరువు పెడుతుంటే ఆయన పగలబడి నవ్వాడు.

"ఇదేం చాదస్తమే చిట్టీ! పదిహేను కిటికీలది కొని పడెయ్యక? నువ్వు రాక్ కొనేలోపు నా రెండో మోకాలు కూడా పోతుంది."

"అది నమ్మకంగా అనిపించలేదు అన్నయ్యా."

"నాన్నలా నిర్లక్ష్యంగా కట్టి దారిలో పారేసుకోకపోతే చాలు. ఆయన పుణ్యమా అని నా బతుకు స్టీరింగు తిప్పడంతోనే సరిపోయింది."

ఈ మాట ఆమె వెయ్యిసార్లు విన్నదే. కానీ ఆ రోజు ఎందుకో ఓర్చుకోలేకపోయింది. గరిటె కింద పెట్టేసింది.

"నాన్న కాదు. ఆ ముడి నేను వేశాను."

"ఏ ముడి?"

"నీ సైకిల్‌ది. నేనే వేస్తానని మారాం చేశాను. ఊడిపోయింది నా ముడే. నాన్నకి తెలుసు. నా మీద పడకుండా తన మీద వేసుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను."

వదిన చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. అన్నయ్య పళ్లెం పక్కకి జరిపాడు.

"తొమ్మిదేళ్ల పిల్లవి, నీదేముందిలే," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. తర్వాత పెద్దగా అన్నాడు, "కానీ నాన్న పోయినప్పుడు నీకు ముప్ఫై ఒకటి కదే! అప్పుడు చెప్పి ఉండొచ్చుగా? ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాడు. నేను రోజూ వెళ్లి, కుర్చీలో కూర్చుని, పేపరు చదువుకుని వచ్చాను. పదకొండు రోజులు!"

అన్నయ్య లేచి, కర్ర పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

తొమ్మిది రోజులు ఆయన ఫోను ఎత్తలేదు. వదిన మాత్రం, "తింటున్నాడు, పడుకుంటున్నాడు. బస్సుల్ని తిట్టడం కూడా మానేశాడు, అదే నాకు భయంగా ఉంది," అని చెప్పేది. టేపక్క ఆ రోజుల్లో జీవితంలో మొదటిసారి ఒక తెర రెండంగుళాలు కురచగా కుట్టింది. విప్పి మళ్లీ కుట్టింది.

పదో రోజు పొద్దున ఆమె తన కుట్టు షాపు తలుపు తీసేసరికి మెట్ల కింద అన్నయ్య నిలబడి ఉన్నాడు. వీధి ఎక్కి రావడంతో ఆయాసపడుతున్నాడు. మోకాలి మీద ఒక చెయ్యి, రెండో చేతిలో పేపరులోంచి చింపిన ప్రకటన ముక్క.

"నిలబెట్టే రకమట. పాతది. నలభై కిటికీలవుతుందేమో నీ లెక్కలో," అన్నాడు.

"ఎత్తు ఎక్కొద్దన్నారు కదా అన్నయ్యా!"

"సరేలే, ముందు కారు తియ్యి."

ఆమె తాళం చెవి తెచ్చింది. కారులో కూర్చున్నాక, "ఇంకా కోపంగానే ఉంది నాకు. అదలా ఉండనీ," అన్నాడు ఆయన.

రాక్ అమ్మేది ఒక ఫొటోగ్రాఫరు. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు వెళ్లాక అది గ్యారేజీలో పడి ఉందట. మంచి మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"ఎడమవైపు లైటు వెలగదండీ. తాళం చెవి ఒకటే ఉంది, రెండోది ఎక్కడో పోయింది. పట్టీ ఒకటి చిట్లింది. మిగతాదంతా గట్టిది."

టేపక్క టేపు తీసింది. గుండు పట్టుకునే కొక్కెం లోతు కొలిచింది. పట్టెల మధ్య దూరం కొలిచింది. ప్రతి నట్టునూ తాకి చూసింది. తుప్పు పైపైదేనా అని గోటితో గీకింది. ఆ తర్వాత దాన్ని కారుకు బిగించి, దానిమీద తనే ఎక్కి నిలబడబోయింది.

"అమ్మా, అది సైకిళ్లకండీ!" అని ఫొటోగ్రాఫరు పరుగెత్తుకొచ్చాడు.

"మా చెల్లెలు ఇంతేనండీ, మీరు పట్టించుకోకండి," అన్నాడు అన్నయ్య. అంటూనే తను వంగి, రాక్‌ను రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు.

బేరం దగ్గర ఆమె గట్టిగా నిలబడింది. లైటుకు రెండు, చెవికి ఒకటి, పట్టీకి ఒకటి, తుప్పుకు నాలుగు తగ్గించమంది. కిటికీల లెక్క ఫొటోగ్రాఫరుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అతను నవ్వి ముప్ఫై రెండుకే ఒప్పుకున్నాడు.

ఇంటికి తెచ్చాక బరువుల తంతు మొదలైంది. బరువు చూసుకునే మిషను మీద టేపక్క ఒకసారి ఒట్టిగా, ఒకసారి సైకిల్ ఎత్తుకుని నిలబడింది. రాక్ పదిహేడు. అన్నయ్య సైకిల్ పదిహేడు మీద ముప్పావు. ఆమెది పంతొమ్మిది. మొత్తం దాదాపు యాభై నాలుగు.

"నాలుగు కిలోలకి ఏమవుతుందే?" అన్నాడు అన్నయ్య.

ఆమె ఊరికే చూసింది. ఆయన పానా అందుకున్నాడు.

ఆమె సైకిల్‌కున్న బుట్ట, స్టాండు, లావు గొలుసు తాళం తీసేసి కారులో పెట్టారు. ఆయన సైకిల్‌కున్న క్యారియరు విప్పుతుంటే నట్టు రాలేదు. నూనె పోసి, గుడ్డ చుట్టి ఇద్దరూ కలిసి తిప్పారు. వదిన గుమ్మంలో నిలబడి, "ఇంకా నాలుగు విప్పితే చేత్తో పట్టుకుపోవచ్చు," అంది. ఆఖరికి లెక్క నలభై తొమ్మిది దగ్గర నిలిచింది. చిట్లిన పట్టీ బదులు టేపక్క తెరల పైఅంచుకు వేసే గట్టి బెల్టు గుడ్డను నాలుగు మడతలు వేసి, మిషను మీద అడ్డంగా పన్నెండు వరసలు కుట్టింది. వెలగని లైటుకు అన్నయ్య డిపోలోని పాత స్నేహితుడి దగ్గరికి వెళ్లి బల్బు తెచ్చి వేశాడు.

ఆదివారం పొద్దున బయల్దేరారు. మూడో కిలోమీటరు దగ్గర ఆమె కారు ఆపింది. వేళాకోళం చేస్తాడేమోనని అనుకుంటే, అన్నయ్య తన వైపు తలుపు తీసుకుని దిగి అటుపక్క పిడులు చూశాడు. ఆమె ఇటుపక్కవి చూసింది. పదో కిలోమీటరు దగ్గర ఇంకోసారి. వంతెన దాటాక ఇంకోసారి. ప్రతిసారీ ఆయన, "నా వైపు సరిగ్గా ఉంది," అనేవాడు. "నా వైపూ," అనేది ఆమె.

పాత రైలు కట్ట మీద గాలి చల్లగా ఉంది. పక్కన ఏరు కనపడుతూ, మాయమవుతూ వస్తోంది. అన్నయ్య మొదటి వంద గజాలు నేలమీద కాలు ఆనిస్తూ, తడబడుతూ తొక్కాడు. తర్వాత వీపు నిటారైంది. చేతులు వదలలేదు గానీ, ఒకసారి హ్యాండిల్ మీద వేళ్లు మాత్రం సడలించాడు. ఆమె వెనకనుంచి చూసింది. పెడలు గట్టిగా తొక్కి దగ్గరికి చేరింది.

రెండు మైళ్ల తర్వాత పట్టాల్లేని ఒక స్టేషను వచ్చింది. ప్లాట్‌ఫారం అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. అన్నయ్య మోకాలు నిమురుకుంటూ చెప్పాడు.

"నీకు తెలీదనుకుంటా. నాన్న నా సైకిల్ ఫ్రేముని ముగ్గురు వెల్డింగు వాళ్ల దగ్గరికి తిప్పాడు. మూడోసారి నన్ను కూడా తీసుకెళ్లాడు. ఆ వెల్డరు చూసి, 'ఇది అతకదు, అతికినా నిలవదు,' అన్నాడు. నాన్న ఆ ఫ్రేముని మళ్లీ భుజానికెత్తుకున్నాడు. తర్వాత నన్ను హోటలుకి తీసుకెళ్లి టీ ఇప్పించాడు. జీవితంలో నాకు ఆయన టీ ఇప్పించడం అదే మొదలు. పెద్దవాణ్ణి చూసినట్టు చూశాడు. నేను తాగకుండా లేచొచ్చేశాను."

"పదిహేనేళ్ల పిల్లాడివి, నీదేముందిలే," అంది ఆమె.

తను అన్న మాటే తనకు తిరిగొచ్చిందని గుర్తుపట్టి ఆయన ఆమె వైపు తిరిగాడు. కళ్లు తుడుచుకుని ముక్కు ఎగబీల్చాడు.

అప్పట్నుంచీ వానలేని ఆదివారాలన్నీ వాళ్లకు ఆ కట్ట మీదే గడుస్తున్నాయి. అన్నయ్య ఇప్పుడు పది మైళ్లు తొక్కుతాడు. నాన్న మాట ఎత్తితే మొహం తిప్పుకోవడం పోయింది. పైగా తనే ఎత్తుతాడు. మొన్న తిరిగి వస్తూ కారులో, "ఆకుపచ్చ వ్యానులో కూర్చుంటే రాజభోగంలా ఉండేది కదే," అన్నాడు.

"ఆకుపచ్చేమిటి? నీలం కదా!"

"నీలమా? నీ మొహం. పచ్చిగడ్డి రంగు. మీద తెల్లటి గీత."

"గీత ఉంది. వ్యాను నీలం."

"నలభై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి, బళ్ల రంగు నాకు నేర్పుతావా?"

"నలభై ఏళ్లు కాదు, ముప్ఫై ఎనిమిది. రంగులు చూసి బతికేది నేను."

ఒక్క ఫొటో కూడా లేదు, చెప్పేందుకు మూడో మనిషీ లేడు. కారు ఊరి ఎత్తు ఎక్కేదాకా ఇద్దరూ పట్టు వదల్లేదు.